సంక్రాంతి బరి నుంచి ఫోన్‌లో బెట్టింగ్ దాకా: ఇంటి మీదకొచ్చిన జూదపు అప్పుకు ఏం చేయాలి

అమ్మా, మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్లకూ తెలియాలి కదా. మీది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మీ ఆయన నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నారు. కనుమ నాడు కోడి పందేల బరిలో కొంత, ఆ రాత్రి గుండాట అనే పాచికల జూదంలో ఇంకొంత పోయింది. దాన్ని రాబట్టాలని ఫోన్‌లో క్రికెట్ బెట్టింగ్‌కు దిగారు. ఇప్పుడు అప్పు నాలుగు లక్షలంటున్నారు. మీ మావగారేమో "కోడలి బంగారం పెట్టి ఒక్కసారి తీర్చేద్దాం, మళ్లీ ఆడడు" అంటున్నారు. తీర్చాలా, తీరిస్తే మానతాడా, అప్పులోళ్లు మీ మీదకు రాగలరా, వచ్చే పండక్కి ఊళ్లో ఏమైనా చేయొచ్చా అని అడిగారు.

ఈ వారంలో మాత్రం బంగారం బయటికి తీయకండి. మావగారి ఉద్దేశం మంచిదే, కొడుకు పరువు గురించి ఆలోచిస్తున్నారు. కానీ జూదంలో ఇళ్లు మునిగేది మొదట పోయిన డబ్బు వల్ల కాదు. ఒకసారి తీర్చాక మళ్లీ పుట్టే అప్పు వల్ల మునుగుతాయి. ఆడేవాళ్లు మొదటిసారి బయటపెట్టే అంకె దాదాపు ఎప్పుడూ తక్కువే ఉంటుంది. సిగ్గుతో కొంత దాస్తారు, "ఇది నేనే గెలిచి కట్టేస్తాను" అనుకుని ఇంకొంత దాస్తారు. మీరు నాలుగు లక్షలు కట్టాక దాచిన బాకీ అలాగే ఉంటుంది, దాన్ని తీర్చడానికి ఆయన మళ్లీ ఆటకే వెళ్తారు. పైగా "వీళ్లింట్లో తీరుస్తారు" అన్న పేరు వచ్చిందంటే, నిన్నటిదాకా యాభై వేలే ఇచ్చినవాడు రేపు లక్ష ఇస్తాడు.

మానేస్తానని ఒట్టు వేసినప్పుడు ఆయన అబద్ధమాడి ఉండరు. ఆ నిమిషానికి అది నిజమే. కానీ ఈ స్థాయికి వచ్చిన జూదాన్ని వైద్యులు ఒక రుగ్మతగా చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోనూ దానికి చోటుంది. ఇంట్లో పోల్చుకోవడానికి రెండు ప్రశ్నలు చాలు. మునుపటి కంటే పెద్ద మొత్తం పెడితే తప్ప తృప్తి లేదని ఎప్పుడైనా అనిపించిందా? ఎంత ఆడారో ఇంట్లోవాళ్లకు అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? ఒక్కదానికి అవునన్నా డాక్టరుకు చూపించాల్సిందే. అన్నిటికంటే పెద్ద గుర్తు, పోయినదాన్ని ఆటలోనే రాబట్టాలనుకోవడం. మన వైపు దానికి సామెతే ఉంది: పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలని. తాళంచెవి పోతే ఆ మాట పనికొస్తుంది. బరిలో పోయిన డబ్బు మాత్రం అప్పటికే వేరేవాళ్ల జేబులోకి వెళ్లిపోయింది.

అది ఎలా వెళ్తుందో లెక్క వేసి చూపిస్తాను. ఈ లెక్క మీ ఆయనతో కూర్చుని కాగితం మీద వేయండి, ఉపదేశం కంటే బాగా ఎక్కుతుంది. గుండాటలో ఆరు గళ్లు, గడికో బొమ్మ. డబ్బాలో పాచికలు గిలకొట్టి బోర్లిస్తారు. మూడు పాచికలతో ఆడించి, మీ బొమ్మ ఒకటి పడితే రూపాయికి రూపాయి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు ఇచ్చే చోటు తీసుకుందాం. చూసేవాడికి "ఆరు బొమ్మలు, మూడు పాచికలు, అంటే సగానికి సగం ఛాన్సు" అనిపిస్తుంది. మోసం ఆ అనిపించడంలోనే ఉంది. మూడు పాచికలు 216 రకాలుగా పడతాయి. వాటిలో 125 సార్లు మీ బొమ్మ అసలు కనిపించదు, 75 సార్లు ఒకటి, 15 సార్లు రెండు, ఒక్కసారి మూడు కనిపిస్తాయి. రూపాయి చొప్పున కాస్తే 216 ఆటల్లో వచ్చేది 108, పోయేది 125. తేడా 17 రూపాయలు, అంటే కాసిన ప్రతి వందకూ దాదాపు 8 రూపాయలు ఆడించేవాడివి. ఆట నిమిషంలో అయిపోతుంది. వంద చొప్పున గంట ఆడితే కాసింది 6,000, సగటున పోయేది 470 పైనే. ఇదంతా పాచికలు సరైనవైతేనే. లోపల బరువు పెట్టినవైతే ఈ లెక్క కూడా నిలవదు.

కోడి పందెం లెక్క ఇంకా తేలిక. బరి నడిపేవాళ్లు పందెం మొత్తంలో 10 శాతం కోసుకుంటారనుకుందాం. చెరో పదివేలు కాస్తే గెలిచినవాడి చేతికి 18,000 వస్తాయి, అందులో పదివేలు తనవే. పది పందేల్లో ఐదు గెలిస్తే 40,000 వచ్చాయి, ఐదు ఓడితే 50,000 పోయాయి. సగం గెలిచి కూడా పదివేలు నష్టం. ఊరికే అసలుతో బయటపడాలన్నా పద్దెనిమిదింట్లో పది గెలవాలి. డేగా కాకా నెమలా అని రంగు చూసి, ఏ పూట ఏ రంగుదో లెక్కలు వేసేవాళ్లు ఇటు ఎంత తెలివి చూపించినా, అటు పక్క కోడిని దింపినవాడూ అదే శాస్త్రం చదివి వచ్చాడు. కోత మాత్రం ఇద్దరి దగ్గరా పడుతుంది.

నా ఉద్దేశంలో మామూలు కుటుంబాలకు కోళ్ల కంటే గుండాట, లోన-బయట అనే పేకాట ఎక్కువ చేటు చేస్తున్నాయి. పెద్ద పందేలు కాసేవాళ్లు చాలామంది తట్టుకోగలిగినవాళ్లే. గుండాట బల్ల చుట్టూ ఉండేది కూలికి వెళ్లేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, ఇంటరు చదివే పిల్లలు. ఇరవై రూపాయలతో మొదలెట్టొచ్చు కాబట్టి ఎవరూ దాన్ని జూదం అనుకోరు.

ఇక డెల్టాకే ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. ఇక్కడ డబ్బు నెల జీతంలా రాదు, ఒక్కసారే మూటగా వస్తుంది. సార్వా (వానాకాలపు వరి) కోతలు నవంబరు, డిసెంబరుల్లో అయి, ధాన్యం డబ్బు ఇంచుమించు పండగ ముందు చేతికొస్తుంది. సరిగ్గా అప్పుడే బరి. దాళ్వా (రెండో పంట) డబ్బు ఏప్రిల్, మే నెలల్లో వచ్చేసరికి ఐపీఎల్ నడుస్తూ ఉంటుంది. రొయ్యల చెరువు ఉన్నవాళ్లకు పట్టుబడి రోజు, ఇంట్లో ఎవరైనా కువైట్‌లో ఉంటే అక్కడి నుంచి డబ్బు పడే రోజు. మీ ఇంట్లో మూట వచ్చే తేదీలు ఏవేవో ముందు క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. ఆయన్ని ఏడాదంతా కాపలా కాయడం ఎవరి వల్లా కాదు. ఆ నాలుగైదు తేదీలకు ముందు పది రోజులు, తర్వాత పది రోజులు మాత్రం కాయొచ్చు. ఆ మూటలోంచి కౌలు, ఎరువుల కొట్టు బాకీ, సొసైటీ అప్పు కట్టాలి కదా, ఆటలో పోయేది నిజానికి ఇవే. అందుకే ఒక మనిషి ఆడితే భూమి యజమానికీ, ఎరువుల కొట్టుకూ, డ్వాక్రా సంఘంలో మిగతా సభ్యులకూ సెగ తగులుతుంది.

ఇప్పుడు పని. మొదట ఒక నోటుబుక్కులో అప్పులన్నీ రాయాలి. ఎవరి దగ్గర, ఏ తేదీన, అసలెంత, వడ్డీ ఎంత, కాగితం ఏమిచ్చారు (ప్రామిసరీ నోటా, చెక్కా, పాసుపుస్తకమా, బండి ఆర్‌సీయా), హామీ ఎవరు, ఇప్పటిదాకా ఎంత కట్టారు. ఆయన నోటితో చెప్పింది రాసి ఊరుకోవద్దు, బయటి నుంచి కూడా సరిచూడండి. సిబిల్ లాంటి సంస్థలు ఏడాదికి ఒకసారి పూర్తి క్రెడిట్ రిపోర్టు ఉచితంగా ఇస్తాయి. ఆయన ఫోన్ నంబరు, పాన్ కార్డుతో ఆయన చేతే తీయించండి, బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, నమోదైన లోన్ యాప్‌ల అప్పులన్నీ అందులో కనబడతాయి. పొలం, ఇంటి స్థలం మీద రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం) తీయించండి. మీభూమి వెబ్‌సైటులో 1-బి (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే పత్రం) చూడండి. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు తెచ్చి, ముక్కూమొహం తెలియని పేర్లకు వెళ్లిన మొత్తాలు ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. మీ సంఘం పుస్తకంలో మీ పేరున ఎంత అప్పుందో కూడా చూసుకోండి. మీ పేరున తెచ్చిన డ్వాక్రా రుణం ఆయన చేతిలో పెట్టి ఉంటే, ఆట పోయినా సంఘంలో మాట పడేది మీరే. ఈ జాబితా పూర్తవడానికి రెండు వారాలు పడుతుంది. అంకె పెరిగితే కంగారు పడకండి, పెరగడం మామూలే.

జాబితా అయ్యాక అప్పుల్ని విడదీయండి, అన్నీ ఒకటి కావు. పందెంలో ఓడి గెలిచినవాడికే ఇవ్వాల్సిన బాకీ చట్టం ముందు చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందమే చెల్లదు, దాని కోసం కోర్టుకు వెళ్లలేరు. అయితే ఆ బాకీకి ప్రామిసరీ నోటు రాయించుకుని ఉంటే జాగ్రత్త. నోటు మీద సంతకం ఉందంటే డబ్బు ముట్టిందనే కోర్టు మొదట అనుకుంటుంది, కాదని రుజువు చేయాల్సింది మీ ఆయనే. ఖాళీ నోటు మీద సంతకం పెట్టించుకోవడం బరుల దగ్గర మామూలైపోయింది, ఆ అలవాటు ప్రాణాంతకం. మూడో మనిషి దగ్గర తెచ్చిన చేబదులు, వడ్డీ అప్పు మామూలు అప్పులాగే కోర్టుకెక్కొచ్చు. ప్రామిసరీ నోటుకు గడువు మూడేళ్లు. వెనకాల జమ రాసి సంతకం పెడితే మళ్లీ అక్కడి నుంచి మూడేళ్లు, కాబట్టి లాయరును అడక్కుండా ఎవరి నోటు మీదా జమ రాయనివ్వకండి. చెక్కు ఇచ్చి ఉంటే ఇంకా తొందర. బౌన్సయి లాయరు నోటీసు అందాక కట్టడానికి 15 రోజులే ఉంటాయి, దాటితే క్రిమినల్ కేసు పెట్టొచ్చు.

మీ మీదకు రాగలరా అంటే, మీరు సంతకం పెట్టని అప్పుకు మీరు బాధ్యులు కారు. హామీగా కూడా పెట్టకండి, ఎవరు బతిమాలినా సరే. మీ పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం మీ స్త్రీధనం, దాని మీద ఆయనకు గానీ అప్పులోళ్లకు గానీ హక్కు లేదు. మావగారి పేరున ఉన్న సొంత ఆస్తికీ కొడుకు అప్పుతో సంబంధం లేదు. పాత ధర్మశాస్త్రాలు కూడా తండ్రి జూదపు అప్పు కొడుకు తీర్చనక్కర్లేదనే చెప్పాయి. ఇంటి ముందు కూర్చుని అరిచినా, బండి లాక్కుపోయినా, పిల్లల్ని బెదిరించినా 112కు ఫోన్ చేయండి. తారీఖు, టైము, ఎవరు ఏమన్నారో అదే నోటుబుక్కులో రాసుకోండి. లోన్ యాప్‌వాళ్లు మీ బంధువులందరికీ ఫోన్లు చేసినా, ఫొటోలు మార్చి పంపినా సైబర్ నేరాల నంబరు 1930కి ఫిర్యాదు చేయండి. ఉచిత లాయరు కోసం న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100.

ఆన్‌లైన్ బెట్టింగ్ సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 1974 గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ డబ్బు ఆటల్ని నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా దేశమంతటికీ చట్టం చేసింది. పేరున్న కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి. మిగిలినవి వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ఎవరో "ఐడీ" ఇచ్చి నడిపేవే. వాటిలో డబ్బు వేయమని ఇచ్చే ఖాతా పూటకొకటి మారుతుంది, ఎందుకంటే అవి వేరే మోసాల్లో వాడే అద్దె ఖాతాలు. గెలిచినప్పుడు మీ ఆయన ఖాతాకు డబ్బు వచ్చేదీ వాటి నుంచే. ఎక్కడో మోసపోయిన మనిషి ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు నడిచిన దారిలో ఉన్న ఖాతాలన్నీ ఆపేస్తారు. అప్పుడు రెండు వేల గెలుపు కోసం ధాన్యం డబ్బు పడిన ఖాతా స్తంభించిపోతుంది. దాన్ని విడిపించుకోవాలంటే ఏ రాష్ట్రం పోలీసులు ఆపించారో అక్కడికి కాగితాలు పంపుతూ నెలల తరబడి తిరగాలి. కాలేజీ కుర్రాళ్లు నెలకింత తీసుకుని తమ ఖాతా, సిమ్ ఇలాంటివాళ్లకు అద్దెకిస్తున్నారు. మీ మరిది, మేనల్లుడు ఎవరైనా ఉంటే చెప్పండి, అది నేరుగా కేసులోకి లాగుతుంది.

డబ్బు వెళ్లే దారి మూయడం ఆయన ఒప్పుకోలుతో జరగాలి, దొంగచాటుగా చేస్తే వారం కూడా నిలవదు. ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు తీసేలా ఒక జాయింట్ ఖాతా తెరవండి. అలాంటి ఖాతాకు మామూలుగా ఏటీఎం కార్డు, యూపీఐ ఇవ్వరు, మనకు కావాల్సిందీ అదే. ధాన్యం డబ్బు ఆయన ఆధార్ ఖాతాలోనే పడుతుంది కాబట్టి, పడిన రోజే ఇద్దరూ బ్యాంకుకు వెళ్లి జాయింట్ ఖాతాకు మార్చేయండి. ఆయన ఖాతా మీద యూపీఐ తీసేయించి, కార్డుకు ఆన్‌లైన్ వాడకం ఆపించండి. రోజు ఖర్చుకు రెండు మూడు వందలు చేతికివ్వండి. ఐడీ ఇచ్చినవాడి నంబరు బ్లాక్ చేసి, ఆ గ్రూపుల్లోంచి ఆయన చేతే బయటికి రప్పించండి. కౌలు, ఎరువుల డబ్బు మీరో మావగారో నేరుగా కట్టండి, ఆయన చేతుల మీదుగా వద్దు. ఆటలో పరిచయమైనవాళ్లు "మీ ఆయన నాకివ్వాలి" అని వస్తే, నోటుబుక్కులో లేని బాకీ మాకు తెలియదని చెప్పండి.

ఈ దారులు మూసి, రెండు నెలలు నిలిచాక బంగారం గురించి ఆలోచించొచ్చు. అప్పుడు దానికి లెక్క ఉంటుంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలుంటే నెలకు వడ్డీయే 6,000. అదే రెండు లక్షలు బ్యాంకులో బంగారం మీద ఏడాదికి 10 శాతానికి తెస్తే నెలకు 1,700 లోపే. తాకట్టు మీ పేరునే పెట్టండి. అప్పిచ్చినవాడికి బ్యాంకు ద్వారా కట్టి, నోటు మీద చెల్లు రాయించుకుని, అసలు నోటు వెనక్కి తీసుకోండి. ఇద్దరు పెద్దమనుషుల ముందు కూర్చుంటే చాలామంది వడ్డీ తగ్గించి అసలుతో సరిపెట్టుకుంటారు. ముందు సంఘం అప్పు, తర్వాత చెక్కులున్నవి, తర్వాత పెద్ద వడ్డీలు. పందెం బాకీలు ఆఖరున.

వైద్యం దగ్గర ఆలస్యం చేయొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416, రాత్రీపగలూ ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. జూదాన్ని మాన్పించే ప్రత్యేకమైన మాత్ర లేదు. పనిచేసేది ముఖ్యంగా కౌన్సెలింగే: ఏ సమయంలో, ఎవరితో ఉన్నప్పుడు, ఏ డబ్బు చేతికొచ్చినప్పుడు చేయి లాగుతుందో పట్టుకుని దాన్ని దాటడం నేర్పుతారు. తోడుగా దిగులు, నిద్రలేమి, తాగుడు ఉంటే వాటికి మందులిస్తారు. తాగుడు సంగతి డాక్టరు దగ్గర దాచొద్దు. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా వణుకుడు జబ్బుకు మందు వాడుతూ హఠాత్తుగా జూదం మొదలెడితే డాక్టరుకు వెంటనే చెప్పండి, ఆ మందుల్లో కొన్నిటికి అలాంటి దుష్ప్రభావం ఉంది. మానిన కొత్తలో కొన్ని వారాలు చిరాకు, నిద్ర పట్టకపోవడం మామూలే. మధ్యలో ఒకసారి జారినా మొత్తం పోయినట్టు కాదు. ఎంత పోయిందో ఆ రోజే చెప్తే చాలు అన్నది మీ ఇద్దరి ఒప్పందంగా పెట్టుకోండి.

ఇది తప్పకుండా చేయండి: ఇంట్లో పురుగుమందు, కలుపుమందు డబ్బాలు ఉంటే ఇవాళే తీసి వేరేవాళ్ల దగ్గర తాళం వేయించండి. అప్పు బయటపడిన రోజులూ, పెద్ద మొత్తం పోయిన రాత్రీ చాలా ప్రమాదం. "నేనుంటే మీకు భారం", "నేను పోతే బాకీ పోతుంది" లాంటి మాట వస్తే బెదిరింపు అనుకోకండి, ఒంటరిగా వదలకండి. చావాలని ఉందా అని సూటిగా అడగొచ్చు, అడిగినంత మాత్రాన కొత్తగా ఆ ఆలోచన పుట్టదు. 14416కు ఫోన్ చేయండి, మందు తాగారని అనుమానమొస్తే క్షణం ఆగకుండా 108.

ఆయన మీ మీద చేయి చేసుకుంటున్నారో లేదో మీరు రాయలేదు. చేసుకుంటుంటే, లేదా మీ నగలు లాక్కుని అమ్ముతుంటే, 2005 గృహహింస చట్టంలో అది ఆర్థిక హింస కిందకూ వస్తుంది. ఆస్తి, నగలు అమ్మకుండా, మిమ్మల్ని ఇంట్లోంచి పంపకుండా మేజిస్ట్రేటు ఆర్డరు ఇవ్వొచ్చు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే దారి చూపిస్తారు. పిల్లలకు మాత్రం వయసుకు తగ్గట్టు నిజం చెప్పండి. బరి దగ్గర నీళ్లు అందించడానికో, సరదాకో వాళ్లను పంపే అలవాటుంటే ఈ ఏడాదితో ఆపండి.

ఊరి సంగతి. కోడి పందేలు జంతుహింస చట్టం కిందా, గేమింగ్ చట్టం కిందా నేరమే. కత్తి కట్టని డింకీ పందెం కూడా అంతే. వాటిని ఆపాలని 2016లో హైకోర్టు గట్టిగా ఆదేశించింది. అయినా పెద్దవాళ్లు వెనకుండి నడిపే బరిని పండగ రోజు ఒక ఇల్లాలు వెళ్లి ఆపలేదు, అలా వెళ్లమని నేను చెప్పను. పని జరిగేది పండక్కి ముందు. కోత అయిన చేను చదును చేసి, కంచె కట్టి, ఫ్లడ్ లైట్లు పెట్టడానికి వారం పది రోజులు పడుతుంది. చేను యజమానికి ఇంత అని ముట్టేది అప్పుడే. డిసెంబరులోనే మీ మహిళా సంఘాల గ్రామ సమాఖ్యలో తీర్మానం రాసి, సంతకాలు పెట్టి, తహసీల్దారుకూ పోలీసు స్టేషనుకూ ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. అడిగేది కూడా విడిగా అడగండి: గుండాట, లోన-బయట బల్లలు ఊళ్లో పెట్టకూడదు, చీకటి పడ్డాక లైట్లేసి ఆడించకూడదు, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని లోపలికి రానివ్వకూడదు, బరి పక్కన అప్పులిచ్చేవాళ్లను, బెల్టు షాపును ఉండనివ్వకూడదు. కోడి సంప్రదాయమని వాదించేవాళ్లకు కూడా వీటిని సమర్థించడానికి నోరు రాదు. పందేలు మొత్తం ఆగకపోయినా ఈ నాలుగూ ఆగితే మీ ఊళ్లో చాలా ఇళ్లు తెరిపిన పడతాయి. కత్తి విషయం కూడా తీర్మానంలో రాయండి. 2023 సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడి కత్తి తగిలి మనుషులే చనిపోయారు.

మీకు దగ్గర్లో ఉన్న తేదీ దాళ్వా డబ్బుది. అది పడే లోపు జాయింట్ ఖాతా తెరిచి ఉండాలి, నోటుబుక్కు పూర్తయి ఉండాలి. ఖాతాకు ఇద్దరి ఆధార్, పాన్, రెండేసి ఫొటోలు తీసుకెళ్లండి. ఫారంలో నిర్వహణ అన్న చోట "ఇద్దరూ కలిసి" అన్నదానికే టిక్కు పెట్టించండి. "ఎవరైనా ఒకరు" అన్నదానికి పొరపాటున కూడా పెట్టొద్దు, బ్యాంకులో గుమస్తా అలవాటు కొద్దీ దాన్నే పెట్టేస్తుంటారు.